పెరటి కంచె మీద పన్నెండు పద్మాలు: పని డైరీ

మార్చి 16. రాత్రి అకాల వర్షం పడింది. సంక్రాంతికి ప్లైవుడ్ పలకల మీద రంగులతో వేసి పెరటి కంచెకు తగిలించిన నాలుగు బొమ్మలూ పొద్దున్నకల్లా పాడైపోయాయి. రెండింటికి అంచులు ఉబ్బాయి. ఒకదాని రంగు పొర అప్పడంలా లేచింది. నాలుగోది పళ్ళెంలా వంగిపోయింది. 14 గంటల పని, ₹500 ఖర్చు, సరిగ్గా రెండు నెలల ఆయుష్షు.

మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. ఈసారి ప్రతి కొలతా, ప్రతి పైసా రాసిపెడుతున్నాను. గుంటూరు ఎండకీ వానకీ ఆరుబయట బొమ్మ పెట్టాలనుకునే వాళ్ళు నేను పడ్డ గుంటలో పడకూడదని నా కోరిక.

దశ 1: పాతవి ఎందుకు పోయాయి (మార్చి 16–22)

పారేయకుండా నాలుగింటినీ బల్ల మీద పెట్టి, ఒకదాన్ని రంపంతో మధ్యకు కోసి చూశాను.

చెక్క: వంటింటి అల్మరాలు చేయించినప్పుడు మిగిలిన 12 మి.మీ. కమర్షియల్ ప్లైవుడ్. దాని మీద ‘ఎంఆర్’ అని ముద్ర ఉంది. అంటే గాలిలో తేమను తట్టుకునే రకం. ఇంట్లో వాడుకోవడానికి బాగుంటుంది కానీ వాన నీటికి దాని జిగురు ఆగదు. పైన 12 మి.మీ. ఉన్న మందం కింది అంచు దగ్గర 15.5 మి.మీ. అయింది. వాన నీరంతా జారి కింది అంచు దగ్గరే ఆగుతుంది, ఎండ అక్కడికి ఆఖరున తగులుతుంది. అందుకే అక్కడే ఎక్కువ ఉబ్బింది.

రంగు: ముఖం వైపు ఎనామెల్ రెండు కోట్లు (పూతలు) వేశాను, వెనక వైపు ఏమీ వేయలేదు. కంచె వైపు కదా, ఎవరు చూస్తారని వదిలేశాను. అసలు తప్పు ఇదే. వెనక వైపు చెక్క తేమ పీల్చి సాగింది, ముందు వైపు రంగు ఉండటం వల్ల సాగలేదు. 18 అంగుళాల పలక మీద స్టీలు స్కేలు అడ్డంగా పెడితే మధ్యలో 9 మి.మీ. సందు కనిపించింది.

చిల్లులు: వైరు కట్టడానికి రంగు వేశాక చిల్లులు పెట్టాను. కోసి చూస్తే ఆ చిల్లు చుట్టూ 30 మి.మీ. దాకా నల్లటి మరక. అంచు ఉబ్బితే కంటికి కనిపిస్తుంది. చిల్లు లోపలి నుంచి నీరు తాగేది మాత్రం పలక పోయేదాకా తెలియదు.

కాబట్టి ఈసారికి మూడు మార్పులు: ప్లైవుడ్ రకం మార్చాలి, రెండు వైపులా సమానంగా కోట్లు పడాలి, చిల్లులూ అంచులూ పూర్తయ్యాకే రంగు డబ్బా మూత తీయాలి.

ఇప్పటిదాకా: ₹500 | 14 గంటలు

దశ 2: కొలతలు, బొమ్మ (మార్చి 23–ఏప్రిల్ 4)

మా పెరడు పడమర వైపు ఖాళీ స్థలాన్ని ఆనుకుని ఉంటుంది. అటు అంతా సర్కారు తుమ్మ. మధ్యలో రాతి కడీలు పాతి చైన్‌లింక్ మెష్ కట్టించాం. ఐదు కడీలు, కడీకి కడీకి మధ్య నుంచి మధ్యకు 8 అడుగులు, మొత్తం 32 అడుగులు. ఎత్తు 5 అడుగులు. కడీ మందం 6 అంగుళాలు కాబట్టి ఒక్కో గడిలో నికరంగా దొరికేది 90 అంగుళాలు. మెష్ కన్ను 2 అంగుళాలు. ఈ ఆఖరి కొలతను అప్పుడు పట్టించుకోలేదు. దాని ఫలితం దశ 6లో ఉంది.

మా మరిది చూసి, “వదినా, ఒక ఫ్లెక్స్ కొట్టించి కట్టేస్తే పూటలో అయిపోతుంది కదా” అన్నాడు. లెక్క వేసి చూపించాను. 32 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు అంటే 160 చదరపు అడుగుల గుడ్డ. వైశాఖంలో గాలిదుమారం వస్తే ఆ తోపంతా కడీల మీదే పడుతుంది. మెష్ గాలిని వదులుతుంది కాబట్టే ఆ కడీలు ఇన్నేళ్ళుగా నిటారుగా ఉన్నాయి. నేను అనుకున్న పన్నెండు గుండ్రటి పలకలు కలిపి 19 చదరపు అడుగులు. కంచెలో ఎనిమిదో వంతు కూడా మూసుకోదు.

పద్మాలే ఎందుకంటే, మాకు 35 కిలోమీటర్ల దూరంలో అమరావతి ఉంది. అక్కడి మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) చుట్టూ శాతవాహనుల కాలంలో కట్టిన రాతి ప్రాకారం కూడా ఒక కంచే. నిలువు స్తంభాలు, రెండు స్తంభాల మధ్య మూడేసి అడ్డ కమ్ములు. ఆ కమ్ములను సూచులు అంటారు. పైన వరసగా పరిచిన రాయిని ఉష్ణీషం అంటారు. ఆ సూచుల మీద గుండ్రంగా చెక్కిన విచ్చిన పద్మాలున్నాయి. పల్నాటి సున్నపురాయిలో అంత పల్చటి రేకులు ఎలా తీశారో నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. వాటిలో చాలా భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని అమరావతి మ్యూజియంలోనే చూడవచ్చు. ఆదివారం వెళ్ళి ఒక గంట వాటి ముందు నిలబడి నోటుబుక్కులో గీసుకున్నాను. దూరం నుంచి అన్నీ ఒకటే అనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే రేకుల వరసలు, అంచు పట్టీ, నడిమి దుద్దు ఒక్కోదానికి ఒక్కోలా ఉన్నాయి. మా కంచెకూ రాతి స్తంభాలే, గడికి మూడే పద్మాలు. అక్కడ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మా ఎత్తు ఐదడుగులే కాబట్టి పక్కపక్కన పెట్టాను.

ఇక సైజు. ముందు 18 అంగుళాల వ్యాసం అనుకున్నాను. 8×4 అడుగుల షీటులో 18 అంగుళాలవి రెండు వరసల్లో పదే వస్తాయి, నాకు కావలసినవి పన్నెండు. రెండో షీటు కొనాల్సిందేనా అని గ్రాఫ్ కాగితం మీద గీసి చూశాను. వరసలను తేనెతుట్టెలో గదుల్లా ఒకదాని సందులోకి ఒకటి జరిపితే మూడు వరసలు పట్టాలి, కానీ ఎత్తు 49 అంగుళాలు దాటుతోంది. ఒక్క అంగుళం పైచిలుకు తేడాతో పోతోంది. వ్యాసం 17 చేసి, మధ్యలో రంపపు కోతకు పావు అంగుళం వదిలితే మూడు వరసలూ 47 అంగుళాల లోపు వచ్చాయి. వరసకు ఐదు చొప్పున 15. ఒక్క అంగుళం తగ్గించుకుంటే ఐదు పలకలు ఎక్కువ వచ్చాయి! మిగిలే మూడూ పరీక్షలకు. కాబట్టి షీటు కొనేముందు కాగితం మీద గీసుకోండి.

గడిలో అమరిక: 90 లోంచి 51 తీస్తే 39. నాలుగు సందులకు పంచితే ఒక్కోటి 9¾ అంగుళాలు.

బొమ్మ గీయడంలో మొదటి దెబ్బ రేకుల దగ్గర తగిలింది. బయటి వరసలో 16 రేకులు కావాలి. చుట్టుకొలత 53.4 అంగుళాలు, 16తో భాగిస్తే దాదాపు 85 మి.మీ. కాంపస్‌ను 85కి తెరిచి చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వచ్చాను. ఆఖరి రేకుకు మిగిలింది 73 మి.మీ. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. తర్వాత అర్థమైంది. నేను భాగించింది వంపు మీద దూరాన్ని, కాంపస్ కొలిచేది రెండు కాళ్ళ మధ్య తిన్నటి దూరాన్ని. ఆ తేడా చిన్నదే, కానీ ప్రతి అడుగులోనూ చేరుతూ వస్తే ఆఖరి రేకు మీద పడుతుంది.

మా అత్తయ్య వరండాలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. “అష్టదళ పద్మం ముగ్గు ఎట్లా వేస్తాం అమ్మాయ్? ముందు నిలువూ అడ్డమూ, తర్వాత మూలలు. చుట్టూ కొలుచుకుంటూ ఎవరైనా వస్తారా? కాయితం మడతపెట్టు” అన్నారు. సగానికి సగం చేసుకుంటూ వెళ్తే తప్పు ఎక్కడా పోగుపడదు. అరవై ఏళ్ళుగా వాకిట్లో ఆవిడ చేస్తున్న పని అదే.

చివరికి చేసిన పద్ధతి:

1. చార్టు కాగితం మీద 17 అంగుళాల వృత్తం గీసి కత్తిరించాలి.
2. నాలుగుసార్లు సగానికి మడిస్తే 16 భాగాలు వస్తాయి.
3. మడత మీదే అర రేకు గీసి, విప్పి, మిగతావి దిద్దుకోవాలి. దుద్దు చుట్టూ 8 రేకుల చిన్న వరస, దాని బయట 16, ఆపైన చుక్కల పట్టీ.
4. గీతల వెంట సూదితో అర అంగుళానికి నాలుగు చిల్లులు పెట్టాలి.
5. పల్చటి గుడ్డలో జాజు పొడి మూటకట్టి చిల్లుల మీద తట్టాలి. కింద చుక్కల గీత పడుతుంది.

బొగ్గు పొడితో కూడా ప్రయత్నించాను. చెయ్యి తగిలితే నల్లగా పాకింది. జాజు మిగిలినా పైన వచ్చే ముదురు ఎరుపులో కలిసిపోతుంది. పన్నెండింటికి నాలుగు రకాల కాగితాలు చేశాను, గడిలో మూడూ మూడు రకాలుగా ఉండేలా.

ఇప్పటిదాకా: ₹560 (కాగితాలు ₹60) | 19 గంటలు

దశ 3: కోత (ఏప్రిల్ 5–6)

ఈసారి 12 మి.మీ. బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ జిగురు ఊడని) రకం తీసుకున్నాను. షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసే కొనాలి. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి చేసే ప్లైవుడ్, అందులో ఎంఆర్ రకమూ ఉంటుంది, మరిగే నీటిని కొంతవరకు తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకమూ ఉంటుంది. చదరపు అడుగు ₹95 చొప్పున 32 అడుగులకు ₹3,040. ఈ పని మొత్తంలో పెద్ద ఖర్చు ఇదే. సిమెంటు ఫైబర్ బోర్డు చవక, నీటికి భయం లేదు. కానీ కోసేటప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో పిల్లలున్నారు, అందుకే వద్దనుకున్నాను.

జిగ్‌సా మిషన్ రోజుకు ₹300 అద్దె. మొదటి రెండు పలకల్లో మూడు తప్పులు జరిగాయి.

ఒకటి, అరిగిన బ్లేడు. మిషన్‌తో పాటు ఇచ్చిన బ్లేడునే వాడాను. అది కోయడం లేదని నేను నెట్టాను. నెడితే వంపు దగ్గర బ్లేడు పక్కకు ఒరిగి, పైన గుండ్రంగానూ కింద 5 మి.మీ. తప్పుగానూ వచ్చింది.

రెండు, మేలు వైపు పైకి పెట్టి కోశాను. జిగ్‌సా పళ్ళు పైకి లాగుతూ కోస్తాయి, కాబట్టి పై పొర పేళ్ళు లేచింది.

మూడు, వృత్తం గీయడానికి మధ్యలో మేకు దించి అవతలికి పోనిచ్చాను. మధ్యలో చిల్లు అంటే నీటికి ఇంకో దారి.

మా వీధి చివర కొట్టున్న కార్పెంటర్ బాబాయ్‌కి చూపించాను. “రంపాన్ని తోయకూడదమ్మా, దాని వెనకాల నువ్వు పోవాలి” అన్నారు. కొత్త సన్నపళ్ళ బ్లేడ్లు ఐదు కొన్నాను, ఒక్కోటి ₹40. మిషన్ మీద బ్లేడును ముందుకు ఊపే మీట ఉంటుంది. వంపులు కోసేటప్పుడు దాన్ని సున్నాకు తిప్పమన్నారు. వేగం సగానికి తగ్గించి, మేలు వైపు కిందికి తిప్పి, గీత మీద మాస్కింగ్ టేపు వేసి కోశాను. మూడో పలక నుంచి పేళ్ళు లేవలేదు. మూడు పలకలకు ఒక బ్లేడు అని లెక్క పెట్టుకోండి. నాలుగో పలకకు తీసుకెళ్తే మళ్ళీ నెట్టాలనిపిస్తుంది. అలా అనిపించిందంటే బ్లేడు మార్చే సమయం అయినట్టే.

వంటింటి త్రాసు మీద ఒక్కో పలక 1,150 గ్రాముల చిల్లర తూగింది. పన్నెండూ కలిపి 14 కిలోలు. మెష్ సులువుగా మోస్తుంది.

ఖర్చు: ప్లైవుడ్ ₹3,040, ఆటో ₹200, అద్దె రెండు రోజులకు ₹600, బ్లేడ్లు ₹200.

ఇప్పటిదాకా: ₹4,600 | 30 గంటలు

దశ 4: అంచులు, చిల్లులు, ప్రైమర్ (ఏప్రిల్ 12–27)

అందరూ తొందరగా దాటేసే దశ ఇది. బొమ్మ ఎన్నేళ్ళు ఉంటుందనేది ఇక్కడే తేలుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బీడబ్ల్యూపీ అంటే మరిగే నీటిలో ఉంచినా పొరల జిగురు ఊడదని అర్థం. చెక్క నీరు తాగదని కాదు. నేనూ ఈ రెండూ ఒకటే అనుకునేదాన్ని. అందుకే ఒక పరీక్ష చేశాను. కోతలో మిగిలిన చెక్క నుంచి 4 అంగుళాల చదరం ముక్కలు మూడు తీసుకుని, తూచి, 24 గంటలు బకెట్ నీళ్ళలో ముంచి, తుడిచి, మళ్ళీ తూచాను.

• ఏమీ వేయనిది: 81 గ్రాముల నుంచి 101కి.
• అంతటా ఒక కోటు ప్రైమర్ వేసింది: 83 నుంచి 94కి.
• ముఖాలకు రెండు, అంచులకు మూడు కోట్లు వేసింది: 85 నుంచి 89కి.

మూడింటిలోనూ పొరలు ఊడలేదు, జిగురు మాట నిలబెట్టుకుంది. కానీ మొదటిది తన బరువులో పావు వంతు నీరు తాగింది. అలా తాగడం, ఎండడం ప్రతి వానకూ జరుగుతుంటే పైనున్న రంగు పగలక ఏం చేస్తుంది? ఆ 101 అంకె చూశాక అంచులకు మూడు కోట్లు తప్పనిసరి అనుకున్నాను.

చేసిన వరస:

1. బోల్టుల కోసం చుక్కల పట్టీ మీద సమాన దూరంలో మూడు చిల్లులు, 7 మి.మీ. బిట్‌తో. బోల్టు 6 మి.మీ.దే. ఆ మిగతాది లోపలి ప్రైమర్ మందానికి.
2. 120 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్ది, తర్వాత 180తో. అంచు మూలలను చేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా అరగదీయాలి. పదునైన మూల మీద రంగు నిలవదు, పల్చబడిపోతుంది.
3. అంచుల్లో కనిపించే సందులకు వుడ్ ఫిల్లర్. ఆరాక మళ్ళీ 180.
4. ఆయిల్ వుడ్ ప్రైమర్‌లో నాలుగో వంతు టర్పెంటైన్ కలిపి అంచులకు, చిల్లుల లోపలికి. పల్చగా ఉంటేనే లోపలికి ఇంకుతుంది. చిల్లులకు చెవులు తుడుచుకునే దూది పుల్ల బాగా పనికొచ్చింది.
5. మర్నాడు రెండు ముఖాలకు ఒక కోటు, అంచులకు రెండోది.
6. ఒక రోజు విడిచి 220 పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ముఖాలకు రెండోది, అంచులకు మూడోది.

పలకలను ఆరబెట్టడం దగ్గర ఒక పొరపాటు. మొదటి నాలుగింటినీ పేపర్ మీద పడుకోబెట్టాను, అది కింది ముఖానికి అతుక్కుపోయింది. తర్వాత బోల్టు చిల్లులో తాడు కట్టి దండెం మీద వేలాడదీశాను. రెండు వైపులా ఒకేసారి వేయగలిగాను, సగం రోజులు కలిసొచ్చాయి.

15 పలకలకు లీటరు ప్రైమర్ అడుగంటింది. ఖర్చు: ప్రైమర్ ₹260, టర్పెంటైన్ ₹70, ఎమరీ పేపర్ ₹180, ఫిల్లర్ ₹90.

ఇప్పటిదాకా: ₹5,200 | 43 గంటలు

దశ 5: రంగులు (మార్చి 30 నుంచి పరీక్ష, వేయడం మే 11–జూన్ 1)

పాత బొమ్మల్లో గులాబీ, నిమ్మపండు పసుపు రెండు నెలలకే వెలిసిపోయాయి. అందుకని మార్చి 30నే ఒక చెక్క మీద ఆరు రంగులు పట్టీలుగా వేసి, సగం అల్యూమినియం ఫాయిల్‌తో మూసి, డాబా మీద దక్షిణానికి ఆనించి పెట్టాను. 41 రోజుల తర్వాత ఫాయిల్ తీశాను.

పిల్లల క్రాఫ్ట్ సీసాల్లోని గులాబీ సగానికి సగం పోయింది. అదే రకం మెరుపు ఎరుపు ఇటుక పొడిలా తేలిపోయింది. ఎల్లో ఆక్సైడ్, జాజు ఎరుపు, నలుపు, తెలుపు మూసినచోటా తెరిచినచోటా ఒకేలా ఉన్నాయి. ఆక్సైడ్ రంగులు ఇనుప తుప్పు జాతివి. ఎండ వాటినేమీ చేయలేదు. మన అరుగులకు జాజు పూసేది అదే మట్టితో.

“గుంటూరులో ఉండి మిరపపండు ఎరుపు లేకుండా ఏం బొమ్మ?” అన్నారు ఎదురింటి పిన్నిగారు. నాకూ ఆ ఎరుపంటే ప్రాణమే. కానీ ఆ పట్టీ చూశాక ఎండు మిరప తొడిమ దగ్గర ఉండే ముదురు ఎరుపుతో సరిపెట్టుకున్నాను. నేల రంగు ముదురు మెరూన్, రేకులు మీగడ తెలుపు, లోపలి వరస ఎల్లో ఆక్సైడ్, దుద్దు ఆకుపచ్చ.

మెరూన్ ఇంట్లోనే కలుపుదామని 300 మి.లీ. తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌లో 60 మి.లీ. స్టెయినర్ (పెయింటులో కలిపే చిక్కటి రంగు) పోశాను. రంగు మెరూన్ కాదు, ముదురు గులాబీ అయింది. పైగా నాలుగు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. స్టెయినర్ సీసా మీద మోతాదు రాసి ఉంటుంది. అది దాటితే పెయింటు సరిగా ఆరదు. ఆ 360 మి.లీ. వృథా, ఒక పలక గీకి మళ్ళీ ప్రైమర్ వేయాల్సి వచ్చింది. ముదురు రంగు కావాలంటే తెలుపులో కలపకూడదు. కొట్టులో మిషన్ మీద ముదురు బేస్‌లో కలిపించుకోవాలి. లీటరు ₹480. లేత రంగులకు మాత్రం ఇంట్లో స్టెయినర్ చాలు.

వేసే వరసలోనూ మారాల్సి వచ్చింది. మొదటి మూడు పలకలకు అంతటా మెరూన్ వేసి, దాని మీద తెల్ల రేకులు వేశాను. మెరూన్ కింద నుంచి కనిపిస్తూనే ఉంది, నాలుగు కోట్లు పట్టాయి. పలకకు 3 గంటల 20 నిమిషాలు. నాలుగో పలక నుంచి ముందే జాజు మూట తట్టి, రేకుల చోట ప్రైమర్ తెలుపును అలాగే వదిలి, సందుల్లో మాత్రమే మెరూన్ నింపాను. రేకులకు రెండు కోట్లు చాలాయి. పలకకు 2 గంటల 10 నిమిషాలు.

మేలో పదకొండింటికి డాబా మీద కూర్చుని వేస్తే కుంచె ఎత్తి మళ్ళీ పెట్టేలోపు ఆరిపోయి చారలు పడ్డాయి. తెల్లవారి ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, వరండాలో. అంతే. ఎనిమిదిన్నర దాటితే డబ్బా మూసేయడమే మంచిది.

వెనక వైపు తెలుపే రెండు కోట్లు వేశాను. పడమటెండ తగిలేది అటే, తెలుపైతే తక్కువ వేడెక్కుతుంది. పైన వార్నిష్ వేయలేదు. పాత బొమ్మల మీద ఇంటి లోపల వాడే వార్నిష్ పసుపెక్కి పెళుసుబారింది. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ ఎండావానలకే చేసింది కాబట్టి దాని మీద ఇంకో పొర అక్కర్లేదని నిర్ణయించుకున్నాను.

ఖర్చు: తెలుపు లీటరు ₹420, మెరూన్ ₹480, స్టెయినర్లు నాలుగు ₹280, కుంచెలు ₹220.

ఇప్పటిదాకా: ₹6,600 | 74 గంటలు

దశ 6: బిగింపు (జూన్ 7–21)

జూన్ 7న పన్నెండూ జీఐ వైరుతో, పైన రెండు చిల్లుల దగ్గర కట్టాను. సాయంత్రం ఇంట్లో అందరం వరండాలో కూర్చుని వాటినే చూశాం. రెండో రాత్రి ఈదురుగాలి వచ్చింది. పలకలు మెష్‌కు కొట్టుకుంటున్న చప్పుడుకి నిద్రపట్టలేదు. పొద్దున చూస్తే 8వ నంబరు కింద పడి ఉంది, మిగతా వాటికి చిల్లుల దగ్గర వైరు రాసుకుని ప్రైమర్ దాకా రంగు పోయింది. దశ 4లో అంత కష్టపడి మూసిన చిల్లులు! ఆ పూట నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పైన మాత్రమే కడితే పలక తలుపులా ఊగుతుంది. అందుకే మూడు చిల్లులకూ బోల్టులు వేయాలి. పట్నం బజారులో 6 మి.మీ. మందం, 40 మి.మీ. పొడవు స్టీలు బోల్టులు, లాక్ నట్టుతో సహా ₹15 చొప్పున 36 తెచ్చాను. మొదటిది బిగిస్తుంటే వెనకనున్న వాషరు మెష్ కన్నులోంచి దూరి ముందుకొచ్చింది. కన్ను 2 అంగుళాలు, వాషరు అంగుళం. దశ 2లో రాసుకుని పట్టించుకోని కొలత ఇదే.

పాత సామాన్ల కొట్టులో అల్యూమినియం పట్టీ దొరికింది. 3 అంగుళాల ముక్కలు 36 కోయించాను. కన్నుకు అడ్డంగా వైర్ల మీద ఆనుతుంది, జారదు.

బిగించిన క్రమం, ముందు నుంచి వెనక్కి:

1. బోల్టు, వాషరు.
2. సైకిలు ట్యూబులోంచి కత్తిరించిన రబ్బరు బిళ్ళ.
3. పలక.
4. మళ్ళీ రబ్బరు, మూడు బిళ్ళలు కలిపి. పలకకూ మెష్‌కూ మధ్య గాలి ఆడాలి, తడి ఆరాలి.
5. మెష్.
6. అల్యూమినియం పట్టీ, లాక్ నట్టు. రబ్బరు కొద్దిగా నొక్కుకునేదాకా చాలు. అంతకన్నా బిగిస్తే రంగు పగులుతుంది.

బోల్టు తలలు కనిపించకుండా ఉండటానికి ఒక ఉపాయం పనిచేసింది. అవి చుక్కల పట్టీ మీదే ఉన్నాయి కాబట్టి, తలల మీద మీగడ తెలుపు వేస్తే చుక్కల్లో చుక్కలైపోయాయి. దగ్గరికొచ్చి వెతికితేనే తెలుస్తుంది.

ఖర్చు: వైరు ₹60, బోల్టులు ₹540, పట్టీ ₹150, డ్రిల్ బిట్ ₹50.

ఇప్పటిదాకా: ₹7,400 | 83 గంటలు

పాత బొమ్మల 14 గంటలు తీసేస్తే పలకకు ఆరు గంటలకు కొంచెం తక్కువ పడింది. పాత నాలుగు బొమ్మలూ, పనికిరాని వైరూ తీసేస్తే ఖర్చు ₹6,840. పన్నెండుకు పంచితే ₹570.

దశ 7: వానలయ్యాక (నవంబరు 9)

జూన్ వానలు, అక్టోబరు వాయుగుండం రెండూ దాటాయి. ఒక్కోదాన్నీ స్కేలు పెట్టి కొలిచాను.

తొమ్మిదింటిలో ఏ లోపమూ లేదు, వంపు 1 మి.మీ. లోపే. మిగతా మూడు:

5వ నంబరు: కింది అంచున 2 సెంటీమీటర్ల మేర పొక్కు. ఆఖరి కోటు ముందు 220తో రుద్దేటప్పుడు మూల దగ్గర చెక్క కనిపించేదాకా రుద్దాను. గుర్తుంది, అప్పుడే ఇంకో కోటు వేసుండాల్సింది.

11వ నంబరు: బోల్టు కింద గోధుమరంగు చార. బిగించేటప్పుడు రెండు స్టీలు బోల్టులు తుమ్మల్లో పడిపోతే ఇంట్లో ఉన్న మామూలు ఇనుప బోల్టులు వేశాను. ఒకటి ఇక్కడ, ఇంకోటి 12లో. రెండూ తుప్పుపట్టాయి.

12వ నంబరు: తుప్పు కాక, 2 మి.మీ. వంపు కూడా. ఇది నీళ్ళ కుళాయి పక్కన ఉంది, రోజూ తడుస్తుంది. కుళాయికి పొడవు పైపు తగిలించి నీళ్ళు అటు చిందకుండా చేశాను. వంపు పెరుగుతుందేమో నెలకోసారి కొలుస్తాను.

రంగులు ఎక్కడా వెలవలేదు. దొండపాదు 9వ నంబరు చుట్టూ నులితీగలు వేసింది. పలక వెనక్కి పోయి రబ్బరు సందులో దూరకుండా వారానికోసారి తప్పిస్తున్నాను. ముందు వైపు పాకినంతవరకు వదిలేశాను, తెల్ల రేకుల మీద ఆ పచ్చ బాగుంది.

ఇవాళ ఆ రెండు ఇనుప బోల్టులూ తీసి స్టీలువి వేశాను. తుప్పు చారను తడిగుడ్డతో తుడిస్తే సగం పోయింది, మిగతాదాని మీద మెరూన్ వేశాను. 5వ నంబరును విప్పి వరండాలో పెట్టాను. పూర్తిగా ఎండాక పొక్కు గీకి, అంచుకు మళ్ళీ మూడు కోట్లు వేయాలి. సంక్రాంతి ముగ్గులకు ముందే తిరిగి ఎక్కించమని అత్తయ్య గడువు పెట్టారు.

ఇప్పటిదాకా: ₹7,430 | 84 గంటలు